పూలజడ ఫోటో

ఆదిమూలం పెళ్లిచూపుల ఫోటో మూడోసారి కూడా చెడిపోయింది.

మొదటిదాంట్లో తల సగమే పడింది. రెండోదాంట్లో కళ్లు మూసుకుపోయాయి. మూడోదాంట్లో మనిషే లేడు, పొగమంచు ఉంది. సత్యవేడు అమ్మాయి వాళ్లు ఫోటో కోసం కార్డు మీద కార్డు రాస్తున్నారు. తిరుపతిలో నలభై ఏళ్లుగా నడుస్తున్న స్టూడియోలో ఇన్ని తప్పులెలా జరుగుతున్నాయో ఆదిమూలం తల్లి తిరుమలమ్మకు అంతుపట్టలేదు.

ఆదిమూలానికి మాత్రం బాగా తెలుసు. రెండేళ్ల కిందట ఆ స్టూడియో కొన్నవాడు ప్రేమానందం. "గడ్డం కొంచెం పైకెత్తు సార్" అంటాడు. ఎత్తేలోపు తనే వచ్చి ఎత్తుతాడు. ఎత్తిన చెయ్యి తీయడం మరిచిపోతాడు. ఆదిమూలం గుర్తు చెయ్యడు.

"ఇంకెన్నిసార్లు చెడగొడతావబ్బా?"

"సత్యవేడోళ్లకు ఓపిక అయిపోయేదాకా."

"అయిపోలా. శుక్రవారం వాళ్లే వస్తా ఉండారు. మా మామ మాటిచ్చేసినాడు."

ప్రేమానందం నవ్వు ఆగిపోయింది. "అయితే ఈసారి సరిగ్గా తీయల్నా?"

"వద్దు. నేనే ఇంట్లో సరిగ్గా చెప్పల్ల."

చెప్పడానికి ఆదిమూలానికి రెండు రోజులు పట్టింది. బుధవారం మధ్యాహ్నం తల్లి సంగటి కెలుకుతుంటే వంటింటి గడపలో కూర్చుని, తల వంచుకుని, ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"మా, నాకు ఆడోళ్ల మీద మనసు పోదు. ఎప్పుడూ పోలా. మొగోళ్ల మీదే పోతాది. ఆ పిల్లను చేసుకోని దాని గొంతు కొయ్యలేను."

తెడ్డు ఆగింది. తిరుమలమ్మ గోడ వైపు చూసింది. అక్కడ మూడేళ్ల ఆదిమూలం ఫోటో ఉంది. కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించే ముందు, పట్టుపావడ కట్టి, కాసులపేరు వేసి, నడుం దాకా పూలజడ అల్లి తీయించిన ఫోటో.

"నేనే చేసినాన్రా," అంది. "ఆడబిడ్డ లేదని ముచ్చటపడి గాజులు గూడా ఏసినాను. ఆ పొద్దే నీ మనసు తిరిగిపోయింది."

"అందుకు గాదు మా..."

"నోరు ముయ్. ఫోటోతో ఎక్కింది ఫోటోతోనే దిగల్ల."

ఫ్రేము ఊడదీసి ఫోటోను పొయ్యిలో పెట్టింది. నెగెటివ్ ఉన్నంతకాలం ఫోటో పోయినట్టు కాదని ఆవిడకు తెలుసు. సంగటి దించకుండానే, చినుకుల్లో గొడుగు కూడా లేకుండా స్టూడియోకు బయల్దేరింది. కొడుకు వెనకాలే పరిగెత్తాడు.

"ఇరవై ఏండ్ల నాటి నెగెటివ్ ఉండాది నీ తావ," అంది ప్రేమానందంతో. "నా కండ్ల ముందర కాల్చు. నా బిడ్డ బాగుపడతాడు."

ప్రేమానందం ఆదిమూలం మొహం చూశాడు. సంగతి అర్థమైంది. అటక మీద నుంచి ఇనప్పెట్టె దించి, పాత ఓనర్ దాచిన ఫోటోలన్నీ బల్ల మీద పరిచాడు. అందరూ మగపిల్లలే, అందరికీ పావడాలే, పూలజడలే. వెనక రాసిన పేరు చూసి ఒకటి ముందుకు తోశాడు.

"ఒగటి కాలిస్తే చాలదు మా. సగం తిరుపతి కాల్చల్ల. ఈ పాపను గుర్తుపట్టినారా?"

తిరుమలమ్మ కళ్లు చికిలించింది. "మునిరాముడు!"

ఆవిడ తమ్ముడు, సత్యవేడు వాళ్లకు మాటిచ్చిన మునిరామయ్య. మెలితిప్పిన మీసం, ఆరుగురు పిల్లలు. ఆ మీసం వీధిలోకొస్తే పిల్లలు గోలీలు వదిలి పారిపోతారు. ఫోటోలో మాత్రం ముక్కుపుడకతో ముద్దుగా సిగ్గుపడుతున్నాడు. తిరుమలమ్మకు నవ్వొచ్చింది. కోపంతో దాన్ని అదిమేసింది.

"అయితే వీడెందుకు ఇట్లాయె? కోరి తెచ్చుకున్నాడా?"

"కోరుకునేదైతే సత్యవేడు పిల్లనే కోరుకోనా మా?" అన్నాడు ఆదిమూలం. "నిన్నిట్ల వానలో తిప్పుతానా?"

ఆవిడ ప్రేమానందం వైపు తిరిగింది. "నీ జడ ఫోటో యాడ?"

"లేదు మా. మేము చర్చికి పోయేటోళ్లం. మాకు పుట్టెంట్రుకల మొక్కు లేదు. మా అమ్మ నా తల్లో ఒక్క పువ్వు గూడా పెట్టలా." అతను బల్ల మీది ఫోటోలు సర్దుతూ తల ఎత్తకుండా అన్నాడు, "అయినా నేనూ ఇట్లే ఉండాను."

తిరుమలమ్మ అతన్ని చూసింది. కొడుకును చూసింది. పక్కనే పడున్న సగం తల, మూసిన కళ్లు, పొగమంచు ఫోటోలు చూసింది.

"ఈ మూడూ తెలిసే చెడగొట్టినావా?"

"తెలిసే మా."

"దొంగసచ్చినోడా," అని ఆవిడ స్టూలు మీద కూలబడి కొడుకు వైపు తిరిగింది. "మీ నాయన్ని నేను కోరుకున్నానా? మా నాయన కట్టబెట్టినాడు. రెండేండ్లు సరిగ్గా మొగం గూడా సూడలా. ఒగపొద్దు ఇట్లే వానలో నిలువునా తడిసి, మల్లెపూలు మాత్రం తడవకుండా చొక్కాలో పెట్టుకోనొచ్చినాడు. అంతే. ఆ పొద్దే మనసు పోయింది, ఎందుకో నాకే తెల్దు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "తప్పు నాది గాదు గదరా?"

"తప్పే లేదు మా," అన్నాడు ఆదిమూలం.

"అయితే మామ ఒప్పుకోడు," అని అతనే గుర్తు చేశాడు.

తిరుమలమ్మ తమ్ముడి ఫోటో తీసి బొడ్లో దోపుకుంది. "నోరెత్తనీ. ఇది బజార్లో అంటిస్తా. సత్యవేడోళ్లకు ఈ పొద్దే కార్డు రాస్తా. ఆ నెగెటివ్ నుంచి నా బిడ్డ ఫోటో మళ్లా కడిగియ్యి, గోడ బోసిగా ఉండాది."

లేచి కెమెరా దగ్గరికి నడిచింది. "ఇద్దరూ ఆడ నిలబడండి. యాడ నొక్కల్ల?"

ఆ ఫోటోలో ఇద్దరికీ తలలు సగమే పడ్డాయి. ఈసారి ఎవరూ కావాలని చెడగొట్టలేదు. తిరుమలమ్మ ఇంట్లో అది పూలజడ ఫోటో పక్కనే వేలాడుతూ ఉంటుంది.