బెంగళూరులో లేని నాలుగు నెలలు

"నా పదకొండు సెకన్లు ఏమయ్యాయి?"

రాగిణి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. నరేన్‌కు అర్థం కాలేదు.

"ఏ సెకన్లు?"

"క్యాబ్‌లో ఊపిరి అందలేదు అని చెప్పాక కాసేపు మాట్లాడకుండా ఉండిపోయాను. ఆ ముక్క లేదు."

"ఖాళీగా ఉండాదని కట్ చేసినా. చూసేవాళ్ళకు బోర్ కొడతాది కదా?"

"ఆ రోజు నాకు బోర్ కొట్టలేదండీ. చచ్చిపోతున్నాననుకున్నాను."

నరేన్ ఆ ముక్కను వెతికి మళ్ళీ అతికించాడు.

అడయారులోని ఒక కౌన్సెలింగ్ సెంటర్ మేడ మీద గదిలో శనివారం మధ్యాహ్నాలు ఆ వర్క్‌షాప్ జరిగేది. మనసు బాగోలేని రోజులు దాటి వచ్చిన ఆరుగురు తమ కథను తామే ఫోన్‌తో తీసి, ఐదు నిమిషాల సినిమా చేయాలి. చివరి శనివారం నలభై మందికి చూపిస్తారు. ఇంటర్నెట్‌లో పెట్టరు. కౌన్సెలర్ వినోదిని దాన్ని నడిపేది. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే నరేన్ ఎడిటింగ్ నేర్పడానికి వచ్చేవాడు.

రాగిణిది భీమవరం. షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఏడాది కిందట ఆఫీసు క్యాబ్‌లో గుండె దడదడలాడి, చేతులు చల్లబడ్డాయి. గుండెపోటే అనుకుంది. ఆసుపత్రిలో గుండె బాగానే ఉందని, అది పానిక్ అటాక్ అని చెప్పారు. మేనేజరుకు మాత్రం జ్వరమని చెప్పింది. తర్వాత ఎనిమిది నెలలు, దడ వచ్చి సెలవు పెట్టిన ప్రతిసారీ ఆ జ్వరమే చెబుతూ వచ్చింది. వినోదిని దగ్గర చేరాక తేరుకుంది.

ముక్క అతికించిన తర్వాతి శనివారం నుంచి ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"మీ తెలుగు భలే ఉంటుందండీ. ఈడ, ఆడ, ఉండాది..."

"మా తాతల తాతలు కూడా ఈడ పుట్టినోళ్ళే. మీ తెలుగే సినిమా తెలుగు మాదిరి ఉండాది."

"అంటే బాగుందనా?"

"ఆమా. బాగుండాది," అని అతను స్క్రీన్ వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. రాగిణి చూసింది, చూడనట్టు ఊరుకుంది.

ప్రదర్శనకు రెండు వారాల ముందు ఆమె వచ్చి, తన సినిమా చూపించవద్దని నరేన్‌తో చెప్పింది. బయట వాన పడుతోంది. చున్నీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మా అన్నయ్య ఫోన్ చేశాడు. ఎవరైనా చూస్తే సంబంధాలు ఎలా వస్తాయన్నాడు."

"మీ కథ విని ఒకరికైనా ధైర్యం వస్తే మంచిదే కదా?"

"ధైర్యంగా నేను చెప్పాలి, మీరు ఎడిట్ చేయాలి. అంతేనా? మరి మీ కథేదండీ?"

"నాకు కథ లేదు," అన్నాడు నరేన్.

మరీ వెంటనే అన్నాడు. అది ఇద్దరికీ తెలిసింది.

తర్వాతి శనివారం నరేన్ అందరికంటే ముందు వచ్చి కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాడు. రాగిణి రాగానే తన ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

"రికార్డ్ నొక్కండి. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను."

ఆమె నొక్కింది.

అతను చెప్పాడు. ఐదేళ్ళ కిందట, కాలేజీ అయిపోయిన ఏడు, పెరంబూరు ఇంట్లో నాలుగు నెలలు గది దాటి రాలేదు. స్నానం చేయబుద్ధి కాలేదు, ఎవరి ముఖమూ చూడబుద్ధి కాలేదు. రైలు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసే నాన్న రోజూ తలుపు దాకా వచ్చి వెనక్కి పోయేవాడు.

"అన్నం ఎవరు పెట్టేవారు?" అని రాగిణి అడిగింది.

"అమ్మ. తలుపు బయట పెట్టేది. వీధిలో అడిగినోళ్ళకంతా, నరేన్ బెంగళూరులో ఉద్యోగానికి పోయినాడని చెప్పింది. ఒకసారి పెరంబూరు అంగట్లోనే మైసూర్ పాక్ కొని, మావాడు పంపినాడని అందరికీ పంచింది. నేను లోపల నుంచి వింటా ఉండాను. నవ్వు వచ్చింది. తర్వాత చానా సేపు ఏడ్చినా. మరుసటి దినం నేనే తలుపు తీసి, ఆస్పత్రికి పోదాంమా అని అమ్మతో చెప్పినా."

రాగిణి ఫోన్‌ను రెండో చేత్తో కూడా పట్టుకుంది గానీ రికార్డింగ్ ఆపలేదు.

ఆ సాయంత్రం ఆమె అన్నకు ఫోన్ చేసి, సినిమా చూపిస్తున్నానని, సంబంధాల సంగతి తర్వాత చూద్దామని చెప్పింది.

నరేన్ కూడా తన సినిమా చూపించాలనుకున్నాడు గానీ, అతనికి ఒక గండం ఉంది. తన కథలో అమ్మ అబద్ధం కూడా ఉంది. అడగకుండా చూపించడం అతనికి న్యాయంగా తోచలేదు. అమ్మ రాజలక్ష్మిని వంటింట్లో కూర్చోబెట్టి ఫోన్‌లో చూపించాడు. ఆమె చివరిదాకా చూసి పొయ్యి కట్టేసింది.

"వద్దురా. వీధిలో నేను తలెత్తుకొని తిరగాల్నా, వద్దా?"

అతను బలవంతం చేయలేదు. రెండు రోజులు ఆమె కొడుకుతో మాట్లాడలేదు. మూడో రోజు కాఫీ ఇస్తూ, "శనివారం ఎన్ని గంటలకు?" అని అడిగింది.

ఆ శనివారం ఏడు సినిమాలు వేశారు. రాగిణి సినిమాలో ఆ నిశ్శబ్దం వచ్చినప్పుడు హాల్లో ఎవరూ కదలలేదు. నరేన్ సినిమా అయ్యాక ఎవరూ పిలవకుండానే రాజలక్ష్మి లేచి నిలబడింది.

"ఆ మైసూర్ పాక్ కొన్నది నేనే," అంది. "బిడ్డకు బాగలేదని చెప్పడానికి సిగ్గుపడినా. కాలు విరిగుంటే చెప్పుండనా? మీ ఇండ్లలో ఎవరన్నా అట్లా ఉంటే ముందు డాక్టరు దగ్గరికి తీసుకపోండి. నా మాదిరి నాలుగు నెలలు పోగొట్టుకోవద్దండి."

ఇద్దరు తల్లులు ఆమె దగ్గరకు వచ్చి చేయి పట్టుకున్నారు. వాళ్ళు ముగ్గురూ మాట్లాడుకుంటుండగా నరేన్ మెట్ల దగ్గరకు వచ్చాడు. రాగిణి అక్కడే నిలబడి ఉంది.

"వర్క్‌షాప్ అయిపోయింది. ఇంక మీరు నాకు సారు కారు," అంది.

"ఎప్పుడూ కాను."

"అయితే చెప్పేస్తాను. మీరంటే నాకు ఇష్టం."

అతను రెయిలింగ్ పట్టుకున్నాడు. "నాకూ ఇష్టమే. మీరు ఆ ముక్క అడిగిన దినం నుంచి. కానీ, అట్లాంటి నెలలు నాకు మళ్ళీ రావచ్చు."

"నాకూ రావచ్చు. వస్తే ముందు వినోదిని గారికి ఫోన్ చేద్దాం. తర్వాత ఒకరికొకరు డైలాగులు చెప్పుకుందాం."

అతను గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకు రాజలక్ష్మి బయటకు వచ్చింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"యాడుండేది మ్మా నువ్వు?"

"షోళింగనల్లూరండీ."

"ఆదివారం ఇంటికి రా. భోజనం మాతోనే."

"వీధిలో ఎవరన్నా నేనెవరని అడిగితే ఏం చెబుతారు?"

"ఇంకమీద ఉన్నది ఉన్నట్టే చెబుతాను," అంది రాజలక్ష్మి. "ఉన్నదేందో ముందు మీరిద్దరూ నాకు చెప్పండి."

నరేన్ గొంతు సవరించుకున్నాడు. అతను మొదలుపెట్టేలోగా రాగిణి ఆవిడను మెట్టు మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.