ముత్యాలు, హాకీ ఫైనల్, పెద్ద రాట్నం

ముందే ఒప్పేసుకుంటున్నా. ఈ కథలో అందరికంటే ఎక్కువ కోపం నాకు ఒక బర్రె మీద ఉండేది. రాస్తూ రాస్తూ తెలిసింది, పాపం దాని తప్పేమీ లేదని.

అప్పటికి పట్నంలో ఏటేటా జరిగే నుమాయిష్ ప్రదర్శన మొదలై నాలుగేళ్లు. దబీర్‌పురాలో పాలమ్ముకునే ఆగయ్య కూతురు రాజమణికి పదిహేనేళ్లు. ఆ పొద్దున చాయ్ కూడా తాగకుండా, రాబోయే శుక్రవారం ఎలా గడవాలో చేతులు తిప్పుతూ ఇంట్లోవాళ్లకు చెబుతోంది.

"పొద్దుగాల జట్కా ఎక్కుడు. బాగే ఆం తోటల పులిని సూసుడు. ఆడికెల్లి ఫతే మైదాన్‌కు నడుసుడు, అన్న హాకీ ఫైనల్. గెలిచినంక నుమాయిష్, పెద్ద రాట్నం. ఒక్క దినంల మూడు తమాషాలు!"

"ఓడిపోతే?" అన్నాడు అన్న ఓదెలు. ఛాపాఖానాలో, అంటే అచ్చు ప్రెస్సులో, పని అతనికి. అక్కడి టీములో ఎడమవైపు ఆడతాడు.

"ఓడితే రాట్నం మీదికెల్లి నిన్ను కిందికి నూకుత."

"సరే తియ్యి. జట్కల ఎవరెవరు?"

"నేను, బాపు. నువ్వు మీ టీమోళ్లతో వస్తవు."

"మరి అమ్మ?"

అదేం ప్రశ్న అన్నట్టు చూసింది రాజమణి. "అమ్మెట్లొస్తది? ముత్యాలు లేదా?"

ఇంట్లో మూడు బర్రెలు. రెండింటిని ఆగయ్య పిండుతాడు. ముత్యాలు మాత్రం సత్తెమ్మ వచ్చి పక్కన కూర్చుంటే తప్ప చేపదు. ఇంకెవరు పొదుగు మీద చెయ్యి వేసినా పాలు బిగబట్టి, చెంబును గోడదాకా తన్నేస్తుంది. రోజుకు రెండు పూటలు. అలా ఏడేళ్లుగా సత్తెమ్మ గల్లీ దాటి ఒక్క పూట కూడా ఎక్కడా లేదు.

"మూడేండ్ల సంది ఆడుతున్న," అన్నాడు ఓదెలు. "అమ్మ ఒక్కసారన్న సూసిందా? ఆమె రాకుంటే ఫైనల్ నేను ఆడ."

"లొల్లి పెట్టకు బిడ్డా. కట్టెతోని బంతిని కొట్టుడేనాయె, దాంట్ల సూసుడేముంది?" అంది సత్తెమ్మ. కుడితి కలుపుతున్న ఆమె చెయ్యి మాత్రం ఆగిపోయింది. అది చూశాక రాజమణికి చెవులు వేడెక్కాయి. మూడు తమాషాలూ గుర్తున్నాయి, అమ్మే గుర్తు లేదు.

గురువారం మధ్యాహ్నం సత్తెమ్మ ఎదురింటి పసిపిల్లకు నీళ్లు పోయడానికి వెళ్లింది. రాజమణి అమ్మ విడిచిన చీర పట్టుకుని తండ్రి దగ్గరికి ఉరికింది.

"బాపూ, గిది కట్టుకో."

"పిచ్చి గిట్ల లేసిందానే?"

"ముత్యాలు గుర్తుపట్టేది మొకం గాదు బాపూ, వాసన. జల్ది కట్టు!"

ఆగయ్య వీధి తలుపు గడియ పెట్టాడు. ధోతి మీదే చీర చుట్టి, మీసాలు కనబడకుండా కొంగు కప్పుకుని కూర్చున్నాడు. ముత్యాలు కొంగును వాసన చూసింది. ఒక నిట్టూర్పు విడిచి చేపేసింది. చెంబులో పాల చప్పుడు వినగానే రాజమణి కేక బయటికి రాకుండా రెండు చేతులా నోరు మూసుకుంది. కళ్లముందు రాట్నం గిర్రున తిరిగింది.

చెంబు నిండేసరికి సత్తెమ్మ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. నవ్వుతుందనుకున్నారు. నవ్వలేదు.

"గంతేనా?" అంది నురగ వైపు చూస్తూ. "చీరుంటే సాలన్నట్టు. జ్వరంల లేసి పిండిన. మా తమ్ముని లగ్గానికి పోలే. నేను లేకుంటే గాదనుకున్న. కావాల్సింది నా చీరనా?"

రాజమణికి ఏడుపొచ్చింది. "అమ్మా, నువ్వు రావాల్నని..."

"నిన్నేమంటలే బిడ్డా. నీ బాపును అడుగుతున్న. ఏమయ్యా, ఏడేండ్లల ఒక్కసారన్న గీ ఉపాయం తట్టలేదా నీకు?"

ఆగయ్య చెంబు కింద పెట్టాడు. "తట్టింది," అన్నాడు. "నీ తమ్ముని లగ్గమప్పుడే తట్టింది. మొగోడు చీర కడితే గల్లీ అంత నవ్వుతదని సిగ్గైంది. గందుకే అనలే."

సత్తెమ్మ అక్కడే గుమ్మంలో కూలబడిపోయింది. ఆగయ్య లేచాడు. చీర విప్పుతాడనుకుంది రాజమణి. అతను గడియ తీసి, అలాగే వీధి అరుగు మీదికి వెళ్లి పాలు కొలవడం మొదలుపెట్టాడు.

చెంబులు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. "క్యా బాత్ హై! ఏం వేషమే ఆగయ్యా?" అన్నాడు చాయ్ దుకాణం బాబురావు.

"వేషం గాదు భాయ్. రేపు మా సత్తెమ్మ కొడుకు ఆట సూడ పోతుంది. ముత్యాలును నేనే పిండాలె. నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వుండ్రి, రేపు నాకు పనుంటది."

లోపల సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో రాజమణికి తెలియలేదు.

మర్నాడు జట్కా చార్మినార్ దాటేసరికి తల్లీకూతుళ్లలో ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారో జట్కావాడికే అంతుపట్టలేదు. బాగే ఆంలో పులి ఆవులించింది. "దీనికి గూడ కుడితి కలపాల్నా?" అంది సత్తెమ్మ. ఫతే మైదాన్‌లో ఆట ఇంకో రెండు నిమిషాలుందనగా ఓదెలు కొట్టిన బంతి గోల్ లోపలి పలకకు తగిలి ఠప్పుమంది, అదే గెలుపు గోల్. "వాడు నా కొడుకు!" అని ఆమె లేచి అరిస్తే వెనక కూర్చున్నాయన, "మాలూం హై అమ్మా, సుబే సే బోల్ రైఁ, బైఠో!" అన్నాడు, తెలుసులే, పొద్దుట్నుంచీ అదే చెబుతున్నావు, కూర్చోమని. నుమాయిష్‌లో రాట్నం ఎక్కి రాజమణి కళ్లు మూసుకుంది. తల్లి మూసుకోలేదు.

ఇల్లు చేరేసరికి ఆగయ్య అన్నం వండి, తినకుండా కూర్చుని ఉన్నాడు.

"రాట్నం ఎక్కినవా? బుగులైందా, బయమైందా?"

"రెండుసార్లెక్కిన. పైకెల్లి మనింటి కోసం మస్తు దేవులాడిన, కనబడలే." సత్తెమ్మ కాళ్లు కడుక్కుంటూ అంది. "నిజం చెప్పాల్నా? ఇంటికి రాబుద్ధి కాలే."

ఆగయ్య కళ్లు తుడుచుకుని, ఆమెకు కంచం పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. "తినుకుంట చెప్పు. పులి కాడికెల్లి చెప్పు. ఒక్కటి గూడ ఇడిసిపెట్టకు."

ఆమె చెబుతూనే ఉంది. ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు. గోడకు ఆనుకుని కూర్చున్న రాజమణి, తను కూడా అక్కడే ఉన్న రోజును మొదటిసారి వింటున్నట్టు విన్నది.

మీ అమ్మ ఇల్లు వదిలి తన సరదా కోసం మొదటిసారి ఎక్కడికి వెళ్లింది? తెలియకపోతే ఇవాళే అడగండి. ఆమె ఏం చెప్పిందో కింద రాయండి, పులి కాడికెల్లి.