ఇద్దరికే కనిపించిన ముళ్ళపంది

ఆఫీసులో అందరూ అతన్ని తాళం అనేవారు. పిల్లల పత్రిక వెబ్‌సైట్‌లో ఎవరు ఏ ఫైలు తెరవాలో, ఎవరు ఏది చూడకూడదో తేల్చేది అతనే. ఎవరేం అడిగినా ముందు "ఎందుకు?" అంటాడు. రెండోసారి అడిగితే "మెయిల్ పెట్టండి" అంటాడు.

బొమ్మలు గీసే అమ్మాయి ఉద్యోగంలో చేరిన రోజే అతనితో తగాదా పెట్టుకుంది.

"నా చిత్తు బొమ్మలు ఎవరూ చూడకూడదండీ. ఆ ఫోల్డర్‌కి తాళం వెయ్యండి."

"ఎందుకు?"

"సగం గీసిన బొమ్మ చూపించడమంటే సగం దువ్విన జుట్టుతో ఫొటో దిగడమే. మీకు చెప్పినా అర్థం కాదులెండి."

అతను ఆమె జుట్టు వైపు చూశాడు. వానలో తడిసి వచ్చిందేమో, అది ఎటు పడితే అటు లేచి ఉంది.

"అర్థమైంది," అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అతను మాత్రం చెప్పిన పని చేసిపెట్టాడు.

"ఇక మీకు తప్ప ఎవరికీ తెరుచుకోదు. అడ్మిన్‌ని కాబట్టి నాకు తెరుచుకుంటుంది."

"మీరూ చూడకూడదు."

"చూడను."

ఆ కోపంతోనే ఆమె వారం వారం వచ్చే బొమ్మల కథ మొదలుపెట్టింది. అందులో ఒక ముళ్ళపంది నడుముకి తాళాల గుత్తి కట్టుకుని అడవి గేటు దగ్గర కూర్చుంటుంది. వచ్చినవాళ్ళందరినీ "ఎందుకు?" అని నిలదీస్తుంది. దాని కళ్ళజోడు కూడా అచ్చం అతనిదే. ఒక వారం కోతుల చేత దానికి చివాట్లు పెట్టించింది, ఇంకో వారం బురదలో పడేసింది.

ఆఫీసులో ఒక్కరూ నవ్వలేదు. బాగుందనో బాగాలేదనో అన్నవాళ్ళే లేరు. వీళ్ళకి హాస్యం ఎక్కదులే అని సరిపెట్టుకుంది. ఇంట్లో అమ్మమ్మ మాత్రం ప్రతి వారం ఫోనులో చూసి "అద్భుతంగా ఉందే" అని తెగ మెచ్చుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం ఎడిటర్ గారు పిలిచారు.

"పుస్తకాలు అచ్చేసే మేడమ్ సాయంత్రం వస్తున్నారమ్మా. మన కథల్లో ఒకటి పుస్తకంగా వేస్తారట. నీది చూపిద్దామంటే నువ్వు బొమ్మలే పెట్టడం లేదు. కొత్తపిల్లవి, సర్దుకుంటావులే అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇక ఇంకొకరిది చూపించక తప్పదు."

"పెట్టానండీ. అన్నీ పెట్టాను."

ఆయన స్క్రీన్ ఆమె వైపు తిప్పారు. కథ పేరుంది. దాని కింద వరసగా తెల్ల గళ్ళున్నాయి. వాటిలో ఏమీ లేదు.

అట్ట మీద తన పేరున్న పుస్తకం ఒక్కటి చేతిలో పట్టుకోవాలన్నది ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్న ఆశ. అది గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేలా ఉంది.

విసవిసా నడుచుకుంటూ తాళం గదికి వెళ్ళింది.

"నా బొమ్మలు ఎందుకు దాచేశారు?"

"దాచడమేంటి? కనిపిస్తున్నాయిగా." అతని స్క్రీన్ మీద ముళ్ళపంది నిక్షేపంలా బురదలో పడి ఉంది.

ఆమె తన లాప్‌టాప్ తెరిచింది. అందులోనూ ఉంది.

"మరి ఎడిటర్ గారికి ఎందుకు కనిపించట్లేదు?"

"ఆయన కంప్యూటర్ ఆయనకన్నా ముసలిది. ఇంకెవరినైనా అడుగుదాం."

ఆమె అమ్మమ్మకు ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసింది.

"అమ్మమ్మా, నా బొమ్మలు ఎలా ఉన్నాయి?"

"చాలా బాగున్నాయమ్మా."

"ఏం కనిపిస్తోంది నీకు? నిజం చెప్పు."

అమ్మమ్మ నసిగింది. "తెల్లగా, ప్రశాంతంగా ఉన్నాయే. ఈ కాలం బొమ్మలు ఇలాగే ఉంటాయేమో అనుకున్నా. అడిగితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని..."

అతను నవ్వు ఆపుకోలేక ముఖం అటు తిప్పుకున్నాడు. అతను నవ్వగా ఆమె చూడడం అదే మొదటిసారి. మరుక్షణమే ఏదో తట్టినట్టు అడ్మిన్ లాగిన్‌లోంచి బయటికి వచ్చి, మామూలు పాఠకుడిలా అదే పేజీ తెరిచాడు. అన్నీ తెల్ల గళ్ళే.

"తప్పు నాది," అన్నాడు. "అడ్మిన్‌ని కాబట్టి నాకు ఏ తాళమూ అడ్డు రాదు. బొమ్మలు మీవి కాబట్టి మీకూ రాదు. నేను ఒక్కసారైనా ఇలా బయటినుంచి చూడాల్సింది. ఇంతకీ వీటిని ఇక్కడికి ఎలా తెచ్చారు?"

"చిత్తు ఫోల్డర్‌లో కట్ చేసి, ఇక్కడ పేస్ట్ చేశాను."

"అదీ సంగతి. మన సిస్టమ్‌లో కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ నియమాలు వస్తాయి. కట్ చేసి తెస్తే మాత్రం ఫైలు ఇల్లు మారినా పాత తాళం వెంటబెట్టుకునే వస్తుంది. మిగతావాళ్ళు సొంత కంప్యూటర్లోంచి అప్‌లోడ్ చేస్తారు, అందుకే ఇన్నాళ్ళూ బయటపడలేదు."

ఆమె నోరెళ్ళబెట్టింది. "అంటే ఈ కథ లోకంలో మనిద్దరమే చూశామా?"

"ఇద్దరమే."

"మీరు ప్రతి వారం చదివారా?"

"ఒక్క వారం కూడా మానలేదు. అది నేనేనని మొదట్లోనే తెలిసిపోయింది. బురదలో పడ్డ వారం ఇంటికెళ్ళి అద్దం కూడా చూసుకున్నాను."

ఆమె నాలుక కరుచుకుంది. "కోపం రాలేదా?"

"వచ్చింది. అయినా తర్వాతి వారం కోసం ఎదురుచూడడం మానలేకపోయాను."

కిటికీ బయట వాన మొదలైంది. ఆమె గొంతు తగ్గించింది. "చిత్తు బొమ్మలు కూడా చూశారా?"

ఆ ఫోల్డర్‌లో ఉన్నది ముళ్ళపంది ఒక్కటే కాదు. కళ్ళజోడు తీసేసిన ఒక ముఖం పదే పదే ఉంది, ఒక్క ముల్లు కూడా లేకుండా.

"లేదు. చూడనన్నాను కదా."

ఆమె ఆ మాట నమ్మింది. తెరిచే హక్కు చేతిలో పెట్టుకుని కూడా తెరవని మనిషి మీద ఇక కోపం నిలవలేదు. ఆ కోపం ఎప్పుడో ప్రేమగా మారిపోయిందని ఆమెకు ఆ క్షణాన తెలిసింది.

"తాళం తీస్తున్నాను," అన్నాడు అతను.

"ఆఫీసంతా మిమ్మల్ని చూసి నవ్వుతారు."

"నవ్వనివ్వండి. అందుకేగా గీశారు."

అతను ఎంటర్ నొక్కాడు. తెల్ల గళ్ళు ఒక్కొక్కటీ బొమ్మలతో నిండుతూ వచ్చాయి. కాసేపటికి హాల్లోంచి ఎడిటర్ గారి నవ్వు వినిపించింది. ఆ వెంటనే ఆఫీసంతా పగలబడి నవ్వింది. అంత తియ్యటి గోల ఆమె జన్మలో వినలేదు.

సాయంత్రం వచ్చిన మేడమ్ బురద బొమ్మ దగ్గర కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, "ఇంకేమీ చూపించకండి, ఇదే వేస్తాం," అని తేల్చేశారు. "ఇంతకీ ఈ ముళ్ళపంది మీకెక్కడ దొరికిందమ్మా?"

గదిలో అందరూ తాళం వైపు తిరిగారు. అతను బుద్ధిగా చెయ్యెత్తాడు. ఈసారి చప్పట్లు కూడా పడ్డాయి.

అందరూ వెళ్ళాక ఆమె అతని కుర్చీ పక్కన నిలబడింది.

"ఆ చిత్తు ఫోల్డర్ ఇక మీరు తెరవొచ్చు."

"ఎందుకు?" అన్నాడు అలవాటు కొద్దీ.

"మెయిల్ పెట్టమంటారా?"

అతను తెరిచాడు. ఒక్కో బొమ్మా చూస్తూ వెళ్ళాడు. చివరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇలాగేనా?"

"ఇలాగే. నాకు మీరంటే ఇష్టం."

"బురదలో పడ్డప్పటి నుంచీ నాకూ అంతే," అన్నాడు.

ఫోన్ మోగింది. అమ్మమ్మ.

"ఏమే, ఇప్పుడు కనిపిస్తున్నాయే. ఆ ముళ్ళపంది భలేగా ఉంది. ఎవరినో చూసే గీసుంటావు. ఎవరే అబ్బాయి?"

"పక్కనే ఉన్నాడు అమ్మమ్మా."

"అయితే ఇంటికి తీసుకురా. ఈసారి నిజంగా చూసే బాగున్నాడని చెప్తాను."

అతను కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని గొడుగు అందుకున్నాడు. ఈసారి ఎందుకని అడగలేదు.