ఆలస్యంగా వచ్చిన ఫోటోలు

"ఇన్నాళ్లూ ఈ ఫోటోలు ఏ బీరువాలో నిద్రపోయాయి మేడమ్? వాళ్లు జవాబు దాఖలు చేసినప్పుడు లేవు. తీరా సాక్షుల విచారణ మొదలయ్యే ముందు ఊడిపడ్డాయి," అన్నాడు పొడుగు లాయరు.

కమర్షియల్ కోర్టు హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎదుటి బల్ల దగ్గరున్న చిట్టికి ఒళ్లు మండిపోయింది.

చిట్టి అన్నది వాళ్ల బాబాయ్ పెట్టుకున్న ముద్దుపేరు. ఆయన సీనియర్ లాయరు, ఆమె ఆయన దగ్గరే జూనియరు. వాళ్ల క్లయింటు ఓ చిన్న ఫర్నిచర్ కార్ఖానా యజమానురాలు. ఆవిడ చేయించి ఇచ్చిన డైనింగ్ కుర్చీల కాళ్లు ఊడిపోతున్నాయని ఒక హోటల్ దావా వేసింది. ఓడితే కార్ఖానాకి తాళం పడ్డట్టే. ఆ ఫోటోల్లో అవే కుర్చీలు స్విమ్మింగ్ పూల్ పక్కన వానలో నానుతున్నాయి.

వాదించినందుకు కాదు ఆమె కోపం. అది అతని పని. కొన్నాళ్ల కిందటిదాకా కోర్టు క్యాంటీన్లో తన ఎదురుగా కూర్చుని కాఫీ తాగిన మనిషి. వాన పడితే తన గొడుగులోకి నడుం వంచి దూరి, "మీ గొడుగు కాస్త ఎత్తు పెరగాలండీ," అనేవాడు. "మీరే కాస్త తగ్గండి," అనేది తను. అలాంటివాడు ఉన్నట్టుండి ముఖం చాటేశాడు. ఎదురుపడితే పక్క మెట్లెక్కి వెళ్లిపోయేవాడు. ఎక్కడో సంబంధం కుదిరి ఉంటుందని సరిపెట్టుకుంది. హోటల్ తరఫున ఎప్పుడూ అతని సీనియరే వచ్చేవాడు. ఇవాళ ఆయనకి వీలుపడలేదేమో, హఠాత్తుగా ఇతను ప్రత్యక్షమయ్యాడు.

"ఆలస్యానికి కారణం చెప్పండి," అన్నారు జడ్జిగారు.

బాబాయ్ పక్కకి వంగి గుసగుసలాడాడు. "నేను పొరపాటున ఆలస్యమైందని రాద్దామన్నాను, నువ్వు పడనివ్వలేదు. లే, నువ్వే చెప్పు."

చిట్టి లేచింది.

"హోటల్లో తలుపులు బిగించడానికి వెళ్లిన మా కార్ఖానా మేస్త్రీ తీసిన ఫోటోలు మేడమ్ ఇవి. కాసేపటికే ఆయన ఫోను వార్నిష్ డబ్బాలో పడి పాడైంది. తర్వాత పని మానేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. సాక్ష్యానికి రమ్మని అడిగినప్పుడే ఈ సంగతి మా క్లయింటుకి తెలిసింది. ఫోను బాగుచేయించిన రశీదు జతపరిచాం. మా దగ్గర ఉండీ దాచినవి కావు."

జడ్జిగారు పొడుగు లాయరు వైపు తిరిగారు. "ఇవి అబద్ధపు ఫోటోలంటారా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "అనను మేడమ్. ఆ కుర్చీలు మావే. మా అభ్యంతరం ఆలస్యం గురించే."

"పొరపాటు అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే కొట్టేసేదాన్ని. కారణం నమ్మేలా ఉంది. ఫోటోలు తీసుకుంటున్నాం."

చిట్టి కుర్చీలో కూలబడింది. వెనక వరసలో కార్ఖానా ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

ఫోటోలు ఫైల్లోకి ఎక్కాక హోటల్ వాళ్లు మెత్తబడ్డారు. నెల తిరక్కుండానే రాజీకొచ్చి దావా వెనక్కి తీసుకున్నారు. ఆ రోజు కోర్టు వరండాలో వాన చూస్తూ నిలబడ్డ చిట్టి దగ్గరికి పొడుగు లాయరు వచ్చాడు.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"పక్క మెట్లు ఖాళీగానే ఉన్నాయి, ఎక్కండి."

"ఈ కేసు మా ఆఫీసుకొచ్చింది. ఫైల్లో మీ పేరు చూశాను. రోజూ కాఫీకి కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు నోరు జారతాను. జారకపోయినా, మీ క్లయింటు మిమ్మల్ని అనుమానిస్తారు. అందుకే దూరంగా ఉన్నాను."

"ఆ ముక్క చెప్పి దూరంగా ఉండొచ్చుగా. మీకు పెళ్లి కుదిరిందనుకుని నేను..."

ఆమె చటుక్కున ఆగిపోయింది. అతని ముఖం వెలిగిపోయింది.

"మీరు?"

"ఏం లేదు. కాఫీ మానేశాను."

వెనక నుంచి దగ్గు వినిపించింది. బాబాయ్. ఎంతసేపట్నుంచి వింటున్నాడో.

"ఏమయ్యా, ఆ రోజు ఫోటోలు నిజమని ఎలా ఒప్పుకున్నావ్? మీ క్లయింటు ఊరుకున్నాడా?"

"ముందే అడిగానండీ. కుర్చీలు తమవేనన్నారు. అయితే కావని నేను అననని చెప్పేశాను."

బాబాయ్ అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. అంత పొడుగు చూడటానికి కాస్త టైమే పట్టింది. "అన్నయ్యతో నేను మాట్లాడతాలే," అని చిట్టి తల మీద చెయ్యి వేసి, వానలోనే కారు దగ్గరికి వెళ్లిపోయాడు.



"మా అమ్మకి మీ గురించి చెప్పానండీ," అన్నాడు అతను. "ఆ అమ్మాయికి నువ్వంటే ఇష్టమేనా అని అడిగింది. తెలీదన్నాను."

చిట్టి వాన వైపే చూస్తూ, నవ్వు ఆపుకోలేక అంది.

"ఇంటికెళ్లి తెలుసని చెప్పండి."