మూడో లైను తప్పు, ప్రొఫెసర్!

"సెలవు క్యాన్సిల్."

సింగపూర్‌లోని బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో చీఫ్ విశ్వనాథం ఒక ఫొటో ముందుకు తోశాడు. తెల్ల గడ్డం, అతుకేసిన కోటు.

"ప్రొఫెసర్ గ్లెబ్ అర్జానోవ్. గణితంలో ఫంక్షనల్ ఎనాలిసిస్. సోవియట్ రోజుల్లో ఏదో పిటిషన్ మీద సంతకం పెట్టాడని ఇన్‌స్టిట్యూట్ నుంచి గెంటేశారు. ఇరవయ్యేళ్లు వంటింటి తలుపుకి నల్లరంగు పూసుకుని దానిమీదే థీరమ్‌లు రాశాడు. ఇప్పటికీ డస్టర్ ముట్టడు, తడిగుడ్డే. ఆయన ప్రాణం నువ్వే కాపాడాలి."

"ఆయన్ని ఎవరు చంపుతారు సార్?" అన్నాడు ఏజెంట్ ఉదయ్‌కిరణ్.

"ఒక విదేశీ ముఠా. ఈ డాట్‌కామ్ హడావుడిలో, ఇంటర్నెట్ ట్రాఫిక్ మాటున మెసేజ్‌లు దాచి పంపుతున్నారు. ఈయన పద్ధతితో అవన్నీ బయటపడతాయి. ఆఖరి స్టెప్ మాత్రం ఆయన బుర్రలోనే ఉంది. రేపు సైన్స్ పార్క్‌లో రాస్తాడు. రాయనివ్వరు."

ముఠాలో మన మనిషి కహకషాన్. సింగపూర్‌లో స్థిరపడ్డ హైదరాబాదీ, ఈవెంట్ మేనేజర్. మర్నాడు హాలు గుమ్మంలో ఆకుపచ్చ పట్టు గౌను, మోచేతుల దాకా గ్లవ్స్‌తో వెలిగిపోతోంది. ఈ ఉక్కపోతలో గ్లవ్స్ ఏమిటో! అందగత్తెల ఫ్యాషన్‌కి అర్థాలు అడగకూడదని ఊరుకున్నాడు ఉదయ్. అతనిప్పుడు రీసెర్చ్ స్టూడెంట్ రామారావు.

"కాఫీలో పంచదార ఎక్కువైంది," కోడ్ చెప్పాడు.

"కొసోంగ్, అంటే చక్కెర లేకుండ, అడగాల్సుండె మరి." గొంతు తగ్గించింది. "విషం చాయ్‌ల ఉంది. ఫ్లాస్క్ మీద నజర్ పెట్టు. మిగతాది నేన్ చూస్కుంట."

ముందు వరసలో కూర్చుని, స్టేజి అంచున ఉన్న ప్రొఫెసర్ ఫ్లాస్కులో విషం కనిపెట్టే పెన్ను ముంచాడు. రంగు మారలేదు. టీ శుభ్రంగా ఉంది!

మరి విషం ఎక్కడ?

బోర్డు నిండిపోయింది. ఆఖరి స్టెప్‌కి చోటు లేదు. ప్రొఫెసర్ సుద్దముక్క పెట్టి, కింద ఉన్న బకెట్ వైపు వంగాడు. బకెట్ అంచున తడిగుడ్డ.

గ్లవ్స్!

విషం ఆ గుడ్డలోనే ఉంది, ముట్టుకుంటే చాలు. స్టేజి పక్కన కహకషాన్ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. విషం అని అరిస్తే పిస్టల్ పేలుతుంది.

"మూడో లైను తప్పు, ప్రొఫెసర్!"

గుడ్డకి అంగుళం దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. ముసలాయన నిటారుగా లేచాడు. మొహం కందగడ్డయింది.

"ఎక్కడ? వచ్చి చూపించు!"

ఉదయ్ వినయంగా స్టేజి ఎక్కి బకెట్‌ని ఒక్క తన్ను తన్నాడు. కాళ్లమీదికి వస్తున్న నీళ్లు చూసి కహకషాన్ కెవ్వుమని వెనక్కి దూకింది. ఆ క్షణంలోనే ఆమె మణికట్టు అతని పిడికిట్లో ఉంది. పిస్టల్ నేలమీద పడింది.

"లెక్కలు ఎప్పుడు నేర్చినవ్?" పళ్లు కొరికింది.

"టెన్త్‌లో గ్రేస్ మార్కులండీ."

పోలీసులు ఆమెను తీసుకెళ్లినా ప్రొఫెసర్ బోర్డు ముందు నుంచి కదల్లేదు. మూడో లైనునే చూస్తున్నాడు.

"నిజమే, తప్పే," అన్నాడు చివరికి. జేబురుమాలుతో ఆ లైను తుడిచి సరిచేశాడు. పై లైన్లు రెండు చెరిపి, అక్కడ ఆఖరి స్టెప్ రాశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇరవయ్యేళ్లు వంటింట్లో రాశాను. తప్పని చెప్పే మనిషే లేకపోయాడు."

సాయంత్రానికి ముఠా మెసేజ్‌లన్నీ బయటపడ్డాయి. ఉదయ్ సూట్‌కేసు సర్దుతుండగా ఫోన్ మోగింది.

"ఆయన రోజూ సెమినార్ పెడతాడట," అన్నాడు విశ్వనాథం. "తప్పులు పట్టడానికి రామారావే కావాలంటున్నాడు. సెలవు క్యాన్సిల్."