విదూషకుడి కళ్లు

మార్ల్‌కూంబ్ మేనర్ పెద్ద హాల్లో, చీకటి పడ్డాక, విదూషకుడి రాతిముఖం కిందనుంచి ఒంటరిగా ఎవరూ నడవరు. ఊళ్లో ఎవరినైనా అడగండి. పగలు చూసి రండి, ముచ్చటగా ఉంటుందంటారు. రాత్రి మాట ఎత్తారో... ఈ ఏడు గొర్రెల ఈతలు ఎలా ఉన్నాయన్న కబుర్లలోకి దిగిపోతారు.

ఉన్ని వ్యాపారంలో బాగా వెనకేసిన ఆసామి ఎవరో నాలుగొందల ఏళ్ల కిందట కట్టించిన ఇల్లది. తేనెరంగు రాయి, ఏటవాలు రాతి పలకల కప్పు, చుట్టూ కందకం. లోపల రెండంతస్తుల ఎత్తున ఒకటే హాలు. దాని గోడకి, నిచ్చెన వేస్తే గాని అందనంత ఎత్తులో, మూడు రాతి ముఖాలు — రాజు, బిషప్, గాడిద చెవుల టోపీ పెట్టుకున్న విదూషకుడు. కళ్లున్న చోట గుంటలు. గోడకి అవతల మేడమీద ఒక చిన్న గది. కింద విందు జరుగుతుంటే యజమాని ఆ గదిలో చేరి, ఎవరెంత తాగుతున్నారో, ఎవరు ఏ చెంచా చొక్కాలో దోపుకుంటున్నారో రాతికళ్లలోంచి చూసేవాడట. పిలిచి భోజనం పెట్టే పెద్దమనిషి చేసే పనేనా అది? అదే చేసేవాడు మరి.

అయినా ఆ ముఖాలని చూసి జడుసుకున్నవాళ్లు లేరు. కెజయా చచ్చిపోయేదాకా.

కెజయా ఆ ఇంట్లో పనిపిల్ల. ఒకరోజు బీరువాలోంచి పెద్ద వెండి పాత్ర మాయమైంది. బీరువా ఉన్నది ఓక్ చెక్క అడ్డుగోడ చాటున. రాజుకీ బిషప్‌కీ ఆ మూల కనపడదు, దానికి ఎదురుగా ఉండేది విదూషకుడొక్కడే. ఎస్టేటు మేనేజరు స్పర్లింగ్, ఇంటి యజమానురాలైన అమ్మగారి ముందు బైబిలు మీద చెయ్యి వేసి, మేడగదిలో నిలబడి విదూషకుడి కళ్లలోంచి అంతా చూశానన్నాడు. తీసింది కెజయానేనన్నాడు. అంత పెద్దమనిషి ప్రమాణం చేశాక పనిపిల్ల ఏడుపు ఎవరికి కావాలి?

ఆ రాత్రే వెనక తలుపు తీసి బయటికి నెట్టారు. వంతెన గేటుకి తాళం పడిపోయింది. పాపం, ఆ పిల్ల కందకంలో గడ్డకట్టిన నీళ్ల మీదుగా ఊళ్లోకి నడవబోయింది...

మంచుగడ్డ ఆమె బరువుకి ఆగలేదు.

అప్పటినుంచీ విదూషకుడు చూస్తున్నాడన్న మాట పుట్టింది. స్పర్లింగ్ కూడా దీపాలు పెట్టాక హాల్లోంచి పోకుండా వంటింటి వైపు చుట్టు తిరిగి వెళ్లేవాడు. అడిగితే కీళ్లకి నడక మంచిదనేవాడు.

కెజయాకి లెటీ అని ఒక చెల్లెలుండేది. అప్పటికి చిన్నపిల్ల. తల్లీకూతుళ్లు ఊరొదిలి మేనత్త ఊరు చేరినా, దొంగపిల్ల తల్లి అన్న మాట వాళ్లకంటే ముందే అక్కడికి చేరింది. తల్లి చర్చిలో వెనక బల్ల మీద తల వంచుకు కూర్చోవడం చూస్తూ పెరిగింది లెటీ. పదేళ్ల తర్వాత, ఇంటిపేరు వేరేది చెప్పుకుని, అదే మేనర్లో పనికి కుదిరింది. వచ్చి ఏం చెయ్యాలో తనకీ తెలీదు. స్పర్లింగ్ ముఖం రోజూ చూడ్డం — చాన్నాళ్లు అంతే.

ఆ క్రిస్మస్‌కి మేడగది దులిపించమని అమ్మగారు పట్టుబట్టింది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కి ఏళ్లయింది. గది తాళంచెవి ఎప్పుడూ స్పర్లింగ్ నడుముకే ఉండేది. తప్పదని దాన్ని లెటీ చేతికిచ్చాడు.

లెటీ బూజు దులుపుతూ గోడ వెంట నడిచింది. ఒక జత కన్నాలు... వంగి చూసింది. రాజు. రెండో జత. బిషప్. మూడో జత కోసం చేత్తో తడిమింది. లేదు. అక్కడ హాలు పొగగొట్టం గోడలో కలిసిపోయి, నేలనుంచి కప్పుదాకా ఒకటే రాయి. పిడికిలితో బాదింది. ఎక్కడా బోలు లేదు.

విదూషకుడికి చూపు లేదు! రెండే ఉంటే గోడ వెలితిగా ఉంటుందని శిల్పి మూడోది ఉత్త అలంకారానికి చెక్కాడు. కళ్ల గుంటలు తొలిచి వదిలేశాడు.

లెటీ ఉన్నచోటే చతికిలబడింది. కందకంలో పోయిన అక్క మీద అప్పుడొచ్చింది దుఃఖం, పదేళ్లదీ ఒక్కసారిగా.

వెళ్లి అమ్మగారికి చెప్పొచ్చు. కానీ లెటీకి అది చాలలేదు. స్పర్లింగ్ తన నోటితో చెప్పాలి. నలుగురిలో చెప్పాలి. చెప్పేముందు వణకాలి. గదికి తాళం వేసినట్టు నటించి, తాళంచెవి తిరిగిచ్చేసింది.

పండగ చివరి రాత్రి కౌలురైతులందరికీ హాల్లో విందు. గొడ్డుమాంసం, ఆపిల్ సారా, పొగగొట్టం కింద పొద్దుటినుంచీ ఆరకుండా మండుతున్న దుంగలు. అమ్మగారి ఆరోగ్యం కోరుతూ స్పర్లింగ్ లేచి గ్లాసెత్తాలి, ఏటా ఆనవాయితీ. లెటీ కొవ్వొత్తి, అగ్గిపెట్టె గౌను జేబులో దాచుకుని మేడగదిలో చేరింది. అతను లేవగానే రాజు కళ్ల వెనక దీపం వెలిగించాలని ఆమె పన్నాగం.

అతను లేచాడు. లెటీ పుల్ల గీసింది. చెమ్మ... అంటుకోలేదు. ఇంకోటి గీసింది. అదీ తుస్సుమంది.

కింద మాటలు ఆగిపోయాయి.

లెటీ రాజు కళ్లలోంచి చూసింది. స్పర్లింగ్ గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాడు. రాజు వైపు చూడటం లేదు. విదూషకుడి వైపు చూస్తున్నాడు.

"చూడకు..." అన్నాడు గొణుగుతూ. "కెజయా, అలా చూడకు. నేనే తీశాను. బ్రిస్టల్లో అమ్మేశాను. నువ్వు కాదు... నువ్వు కాదు."

అందరూ తలెత్తి చూశారు. వాళ్లకి కనిపించింది రాయే.

లెటీ చేతిలో కొవ్వొత్తి వెలగనే లేదు. గోడ పట్టుకుని మెట్లు దిగింది. అమ్మగారు స్పర్లింగ్ చేత అదే మాట మళ్లీ గట్టిగా చెప్పించింది. అతను గోడ మీదినుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. అప్పుడు లెటీ ముందుకొచ్చి, తను కెజయా చెల్లెలినని చెప్పింది. ఆదివారం చర్చిలో ఈ సంగతి చదివిస్తానని, కెజయా సమాధికి పేరు చెక్కిన రాయి వేయిస్తానని అమ్మగారు మాటిచ్చింది. లెటీ వచ్చిన పని అయిపోయింది.

స్పర్లింగ్‌కి అవలేదు. మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చి లెటీ పాదాలు పట్టుకున్నాడు.

"నువ్వు చెబితే వింటుంది, తల్లీ. కళ్లు మూసుకోమను. అంతా చెప్పేశాను కదా..."

లెటీ బల్ల మీది దీపం తీసుకుని మళ్లీ పైకి వెళ్లింది. ఆ గదిలో పొగగొట్టం రాతికి చెంప ఆనించి నిలబడిందంటారు. ఏం విందో, అసలు ఏమైనా విందో, స్పర్లింగ్‌తో అన్న ఒక్క మాట తప్ప చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు.

కిందికి వచ్చాక చూశారు — నిప్పు సెగకి కాలుతుండాల్సిన ఆ రాతికి ఆనించిన చెంప మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది.

"అడిగాను," అంది స్పర్లింగ్‌తో, మెల్లగా. "ఇంకా చూస్తుందట."