లిమిట్ లోపలే

పై అంతస్తు నుంచి మధ్య అంతస్తుకు దిగే మెట్ల మలుపులో శవం పడి ఉంది.

తల గోడకు కొట్టుకుంది. ఒక చెప్పు కాలికే ఉంది. రెండోది నాలుగు మెట్ల పైన ఆగిపోయింది. లంచ్ బాక్స్ మాత్రం మూత కూడా ఊడకుండా కింది దాకా దొర్లింది.

చనిపోయింది పై అంతస్తులో సంచులు కుట్టే మనిషి. ముప్పై ఏళ్లు నిండలేదు. తన అత్తవారింటికి చిన్నకోడలు. పక్క మెషిన్ మీద కుట్టేది ఆమె తోటికోడలే. కేసులో అందరూ ఆవిడను పెద్దకోడలు అనే పిలిచారు. ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి శవం పక్కన కూర్చుని ఉన్నదీ ఆవిడే.

బిల్డింగ్ ఇరుకైనది. కింద చెప్పులకు అట్టలు అతికించే వర్క్‌షాప్. మధ్యలో సంచుల మీద బొమ్మలు అచ్చువేసే ప్రింటింగ్. పైన కుట్టు గది. గుడ్డ మీద దుమ్ము పడకూడదని పైగది కిటికీలకు మేకులు కొట్టేశారు. మూడింటికీ మెట్లు ఒక్కటే.

ఇన్‌స్పెక్టర్ ముందుగా ప్రింటింగ్ యజమానిని పిలిచింది.

"మీరేం విన్నారు?"

"కాళ్లు విరగ్గొడతాననడం విన్నానండి."

"ఎవరు?"

"పెద్దావిడ. పొద్దున పెద్ద గొడవైంది. మధ్యాహ్నానికి ఆ అమ్మాయి పోయింది."

"తోయడం చూశారా?"

"ఒకటిన్నరకి కరెంటు పోయిందండి. మెట్ల మీద కన్ను పొడుచుకున్నా కానరాదు. దబ్బున చప్పుడైంది. ఫోన్ లైట్ వేసుకుని వెళితే, ఈవిడ ఆ అమ్మాయి తల ఒళ్లో పెట్టుకుని ఉంది."

అంతే సాక్ష్యం. చనిపోయిన అమ్మాయి అన్నకు అదే చాలు. ఫిర్యాదు రాసిచ్చి స్టేషన్ గుమ్మంలో బైఠాయించాడు. పై అధికారికీ అదే చాలు. అరెస్టు చూపించి ఫైలు మూసేయమన్నాడు.

స్టేషన్‌కు తీసుకొచ్చి కూర్చోబెట్టినా పెద్దకోడలు ఏడవలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

"అన్నాను. కాళ్లు విరగ్గొడతానన్నాను" అందావిడ. "మా ఇంట్లో పొద్దున లేస్తే అదే మాట. దానికే కేసు పెడితే ఊళ్లో సగం మంది ఇక్కడే ఉండాలి మేడమ్."

గొడవ ఎందుకని ఇన్‌స్పెక్టర్ అడిగింది. కుట్టు పాడుచేస్తోందని ఆవిడ చెప్పింది. చిన్నకోడలు పని బాగా వచ్చిన మనిషి. అలాంటిది, ఈమధ్య పెడల్‌ను ఒకసారి తొక్కీతొక్కనట్టు, ఒకసారి విరిగేలా తొక్కేది. సూదులు పుటుక్కున విరిగేవి. పాడైన సంచులన్నీ విప్పి మళ్లీ కుట్టడం పెద్దకోడలి వంతయ్యేది. బద్ధకం అనుకుంది. ఇంట్లో అత్తగారూ అలాగే అనుకుంది. నడిచేటప్పుడు నేలకేసి చూసుకుంటూ నడిచేదట. అదో కొత్త వేషం అని నవ్వుకునేవారట.

ఇన్‌స్పెక్టర్ అదంతా విన్నది. ఏమీ అంతుపట్టలేదు.

పోస్ట్‌మార్టం రిపోర్టు వచ్చింది. తలకు దెబ్బ. చేతుల మీద పెనుగులాడిన గుర్తుల్లేవు. చివర్లో ఒక్క వాక్యం: ఎడమ మడమలో మెషిన్ సూది ముక్క.

ఎస్సై ఆ వాక్యం దాటేశాడు. పై అధికారీ దాటేశాడు. మొదటిసారి చదివినప్పుడు ఇన్‌స్పెక్టర్ కూడా దాటేసింది. రెండోసారి చదువుతుంటే అక్కడ ఆగింది. మార్చురీకి ఫోన్ చేసింది.

"డాక్టర్ గారూ, ఆ సూది పడినప్పుడు గుచ్చుకున్నదా?"

"కాదమ్మా. చుట్టూ చీము పట్టింది. అప్పటికి వారం పైనే అయివుంటుంది."

"మడమలో సూదితో వారం రోజులు నడిచిందా?"

"కుంటుతూ నడిచి ఉండాలి. అడుగు మోపితే ప్రాణం విలవిల్లాడిపోతుంది."

ఎవరూ కుంటడం చూడలేదు. ఇన్‌స్పెక్టర్ ఇంట్లోవాళ్లను అడిగింది, కుట్టు గదిలో అడిగింది. నొప్పి అన్న మాటే ఆ అమ్మాయి నోట రాలేదు.

చిన్నకోడలికి ఆ సూది ఉన్నట్టే తెలియదు.

ఇన్‌స్పెక్టర్ నరాల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన అన్నీ విని, ఆ బిల్డింగులో ఏమేం వాడతారని అడిగాడు. కింద అట్టలు అతికించే గమ్‌లో హెక్సేన్ అనే ద్రావకం. మధ్యలో ఇంకు కడగడానికి ఎం.ఈ.కే అనే మరో ద్రావకం. ఆయన ఆ రెండు పేర్లూ కాగితం మీద పక్కపక్కన రాశాడు. హెక్సేన్ కాళ్ల నరాలను మెల్లగా తినేస్తుందనీ, ఎం.ఈ.కే ఒక్కటే ఉంటే నరాల జోలికి పెద్దగా పోదనీ, రెండూ కలిసి ఊపిరిలోకి పోతే మాత్రం మొదటిదాని విషం ఎన్నో రెట్లు పెరుగుతుందనీ చెప్పాడు. స్పర్శ పోవడం కాలివేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. మనిషి కాళ్లతో కాక కళ్లతో నడవడం నేర్చుకుంటుంది.

ఇన్‌స్పెక్టర్ ఆ సాయంత్రమే పెద్దకోడలిని ఇంటికి పంపేసింది. కేసు తేలిపోయిందనుకుంది.

అసలు చిరాకు అక్కడే మొదలైంది.

ఫ్యాక్టరీల తనిఖీ అధికారి పరికరాలు పెట్టి గాలి పరీక్ష చేయించాడు. హెక్సేన్ చట్టం పెట్టిన లిమిట్ లోపలే. ఎం.ఈ.కే కూడా లిమిట్ లోపలే. ఇన్‌స్పెక్టర్ మళ్లీ చేయించింది. మళ్లీ అదే. రెండూ కలిపితే ఎంత ప్రమాదమో చెప్పమంది. అలా కలిపి చూసే రూలు తమకు లేదన్నాడాయన. కాలుష్యం ఆఫీసుకు వెళితే కార్మిక శాఖకు పొమ్మన్నారు. కార్మిక శాఖ తిప్పి పోలీసు శాఖకే పంపింది. తన కుర్చీ దగ్గరికే తనను పంపించారని ఇన్‌స్పెక్టర్‌కు నవ్వు కూడా రాలేదు. ఈలోగా పై అధికారి రోజూ ఫోన్ చేసి, హత్యా కాదా ఒక్క ముక్కలో చెప్పమంటున్నాడు.

చివరికి ఇన్‌స్పెక్టర్ అందరినీ పై గదికి పిలిపించింది. గమ్ యజమాని, ప్రింటింగ్ యజమాని, తనిఖీ అధికారి, చిన్నకోడలి అన్న. పెద్దకోడలు అప్పటికే అక్కడ ఉంది. విడుదలైన మర్నాడే పనిలోకి వచ్చేసింది. ఆవిడ మెషిన్ ఆపలేదు, ఇన్‌స్పెక్టర్ ఆపమనే దాకా.

"ఎవరూ తోయలేదు" అంది ఇన్‌స్పెక్టర్. "కింది రెండు అంతస్తుల గాలీ ఆ మెట్ల మీదుగా పైకొచ్చి, బయటికి దారిలేక ఈ గదిలోనే కలుస్తోంది. మడమలో సూది దిగినా తెలియని కాలు ఆ అమ్మాయిది. రోజూ మెట్టు మెట్టూ చూసుకుంటూ దిగేది. ఆ రోజు కరెంటు పోయింది. మెట్టు కనిపించలేదు. కాలి నుంచి చెప్పు జారినా తెలియలేదు. మనమైతే చీకట్లో కాలితో తడుముకుంటాం. ఆమెకు తడుముకోడానికి కాలే లేదు."

అన్న ఇద్దరు యజమానుల కేసి తిరిగాడు.

"మరి ఎవరు చంపినట్టు?" అన్నాడు.

గమ్ యజమాని తన గాలి లిమిట్ లోపలే అన్నాడు. ప్రింటింగ్ యజమాని తనదీ అంతేనన్నాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని తనిఖీ అధికారి ఒప్పుకున్నాడు.

"విడివిడిగా ఎవరి తప్పూ లేదు మేడమ్" అన్నాడాయన. "కలిపి ఎవరి మీద రాయమంటారు?"

ఇన్‌స్పెక్టర్ కిటికీ దగ్గరికి నడిచింది. దానికి కొట్టిన మేకుల కేసి చూసింది. గదిలో తియ్యగా, ఘాటుగా వాసన. వచ్చిన కొత్తలో ముక్కు మూసుకోవాలనిపించింది. ఇప్పుడు తనకూ తెలియడం మానేసింది.

పెద్దకోడలు విసుగ్గా లేచింది. "అయిపోయిందిగా. నేను తోయలేదని తేలింది. ఇక పని చూసుకోనివ్వండి."

లేచేటప్పుడు ఆవిడ మెషిన్ పట్టుకుంది. వంగి, తన పాదాలకేసి చూసుకుంది.

ఇన్‌స్పెక్టర్ ఆ చూపు పట్టుకుంది.

"అమ్మా, ఒక్క నిమిషం. స్టూలు మీద కూర్చోండి. చెప్పులు తీసి కళ్లు మూసుకోండి. పెన్నుతో మీ వేలు ముట్టుకుంటాను. ఏ వేలో చెప్పాలి."

"ఇదేం ఆట మేడమ్?" అని గొణుగుతూనే ఆవిడ కళ్లు మూసుకుంది.

ఇన్‌స్పెక్టర్ నేల మీద కూర్చుంది. బొటనవేలి మీద పెన్ను ఆనించింది. తర్వాత నొక్కింది. చర్మం గుంట పడింది. పక్క వేలు. ఆ పక్క వేలు. పాదం మీద.

అన్న చూస్తున్నాడు. తనిఖీ అధికారి ఫైలు మూసేశాడు. ఇద్దరు యజమానులూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

పెద్దకోడలు ఓపిగ్గా కళ్లు మూసుకునే ఉంది.

"ఇంకెప్పుడు మొదలుపెడతారు మేడమ్? నాకక్కడ పని ఆగిపోతోంది."

ఇన్‌స్పెక్టర్ పెన్ను జేబులో పెట్టుకుంది. ఆవిడ చెయ్యి పట్టుకుని, ఇక కళ్లు తెరవమంది. కింద బండి ఉందనీ, ఇప్పుడే ఆసుపత్రికి వెళ్దామనీ చెప్పింది. మెట్ల దగ్గర అన్న ముందుకు వచ్చాడు. ఆవిడ రెండో చెయ్యి పట్టుకున్నాడు. నిన్నటి దాకా ఆవిడను ఉరి తీయమన్న మనిషి.

వీధి గుమ్మం దగ్గర ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌ను పిలిచింది. పనివాళ్లందరినీ బయటికి పంపమంది. మెట్లకు తాళం వేసి సీలు పెట్టమంది.

కానిస్టేబుల్ లక్క బయటికి తీసి ఆగాడు.

"ఏ సెక్షన్ కింద రాయను మేడమ్?"

"సెక్షన్ నేను వెతుక్కుంటాను" అందామె. "నువ్వు ముందు తాళం వెయ్యి."